వక్క మాన్పించే 22 రోజులు: గ్వామ్–హవాయి కార్యక్రమం ఎలా ఉంది?

వెనకబడిన వర్గాల విద్యార్థులు చదివే విశ్వవిద్యాలయాన్ని ఒక పెద్ద క్యాన్సర్ కేంద్రంతో జతచేసి, ఇద్దరికీ కలిపి పని అప్పగించే పద్ధతిని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో మొదలుపెట్టింది. అలాంటి ఒక జతలో పసిఫిక్ సముద్రంలోని అమెరికా దీవి గ్వామ్‌లో ఉన్న గ్వామ్ విశ్వవిద్యాలయం, హొనొలులులోని హవాయి విశ్వవిద్యాలయ క్యాన్సర్ కేంద్రం ఉన్నాయి. ఇవి 2003లో కలిసి పనిచేయడం మొదలుపెట్టాయి. ఆ జత నుంచి వచ్చిన వాటిలో కిళ్ళీ, గుట్కా తెలిసిన మనవాళ్ళు తప్పక చూడాల్సింది బెనిట్ అనే వక్క మాన్పించే కార్యక్రమం.

దీనికి పునాది మందో యంత్రమో కాదు, ఎవరు ఏం నములుతున్నారో ముందుగా తెలుసుకోవడం. గ్వామ్‌లో నమిలేవాళ్ళు రెండు రకాలు. దీవి మూలవాసులైన చమోరోలు ఎక్కువగా ముదిరిన వక్కను ఒట్టిదే నమిలి మింగేస్తారు. చుట్టుపక్కల మైక్రొనేషియా దీవుల నుంచి వచ్చినవాళ్ళు లేత కాయకు తమలపాకు, సున్నం, పొగాకు కలిపి నమిలి ఉమ్మేస్తారు. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే సగం మందికి అది అతకదు. ఈ తేడా దీవిలో ఉండేవాళ్ళకే తెలుస్తుంది, హొనొలులు ల్యాబ్‌కు తట్టదు. భాగస్వామ్యం వల్ల అసలు లాభం ఇదే.

బెనిట్‌లో గ్వామ్, దాని దగ్గరి సైపాన్ దీవుల్లో మానాలనుకునేవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు సమాచార పుస్తకం ఇచ్చారు. రెండో గుంపుకు 22 రోజుల్లో ఐదు ముఖాముఖి సమావేశాలు పెట్టారు. పాఠాలు సిగరెట్ మాన్పించే పద్ధతుల నుంచి తీసుకుని వక్కకు తగ్గట్టు మార్చుకున్నవి. సమావేశాలకు వచ్చినవాళ్ళలో మానినవాళ్ళు స్పష్టంగా ఎక్కువ. మానేశానన్న మాటతో సరిపెట్టుకోకుండా లాలాజలం కూడా పరీక్షించారు, అది మెచ్చుకోవాల్సిన పని.

ఆ పరీక్షకూ హద్దుంది. వక్కలో ఉండే అరెకోలిన్ అనే పదార్థం నమిలినప్పుడు లాలాజలంలో పెరిగి, కొన్ని గంటల్లోనే పడిపోతుంది. పొద్దున నమిలి సాయంత్రం నమూనా ఇస్తే దొరక్కపోవచ్చు. పొగాకు కలిపి నమిలేవాళ్ళ సంగతి కొంత నయం, నికోటిన్ తాలూకు కొటినిన్ రోజుల తరబడి కనిపిస్తుంది. ఒట్టి వక్క మింగేవాళ్ళే జల్లెడలోంచి జారిపోతారు. ఇంకో లోటు: ఫలితం సమావేశాల్లో చెప్పిన విషయానిదా, నలుగురితో కూర్చోవడానిదా అన్నది పుస్తకంతో పోల్చినంత మాత్రాన తేలదు.

మన దగ్గర వాడుకోవాలంటే ఒకటి గమనించాలి. ఇక్కడి కౌన్సెలింగ్ ఎక్కువగా పొగాకు చుట్టూనే తిరుగుతుంది. గుట్కా మానినవాడు వక్కపొడికి మారితే గెలిచినట్టు లెక్కేస్తారు. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. నోటి లోపలి పొర బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌కు మూలం వక్కే. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే దంత వైద్యుణ్ణి కలవాలి. మానేస్తే జబ్బు ముదరడం తగ్గొచ్చు గానీ, బిగుసుకున్న నోరు మామూలుగా తెరుచుకోవడం అరుదు. ఇక నికోటిన్ గమ్ పొగాకు కోరికనే తీరుస్తుంది, వక్క మీద యావకు అది సరైన మందు కాదు. అందుకే బెనిట్‌లో మాటలకీ సమావేశాలకీ అంత చోటు.

ఇక పాలన సంగతి. ఈ జతకు జాతీయ క్యాన్సర్ సంస్థ ఇచ్చే యు54 అనే గ్రాంటు రెండు విశ్వవిద్యాలయాలకూ విడివిడిగా, వేర్వేరు నంబర్లతో వస్తుంది. చిన్న విశ్వవిద్యాలయం పెద్దదాని కింద ఉపకాంట్రాక్టరుగా మిగిలిపోదు, ఏ ప్రశ్నకు పరిశోధన జరగాలో దానికీ గొంతుంటుంది. ఖర్చు మరోచోట పడుతుంది. హొనొలులుకీ గ్వామ్‌కీ మధ్య 20 గంటల తేడా, పైగా తేదీ రేఖ. హవాయిలో సోమవారం మధ్యాహ్నం రెండైతే గ్వామ్‌లో మంగళవారం ఉదయం పది. హవాయి శుక్రవారం వాళ్ళకు శనివారం. ఇద్దరికీ కుదిరేది వారానికి నాలుగు పూటలే. లెక్కలు, నైతిక అనుమతుల కాగితాలు ఆ పూటల్లోనే కదలాలి.

మానాలన్న కోరిక ముందే ఉన్నవాళ్ళకు ఈ కార్యక్రమం పనికొస్తుంది, ఆ కోరిక పుట్టించడానికి మాత్రం వేరే ఏర్పాటు కావాలి. పొగాకుతో నమిలేవాళ్ళకూ ఒట్టి వక్క నమిలేవాళ్ళకూ సమావేశాలు విడిగా పెట్టి, లాలాజలం నమూనా చెప్పాపెట్టకుండా తీసుకోగలిగితే ఇంకా నమ్మకంగా ఉంటుంది.