లోరాన్-సీ, జీపీఎస్: చిన్న బోటు మీద రెండూ ఏళ్ల తరబడి వాడాక

నేను మేరీల్యాండ్‌లో ఉంటాను. చీసపీక్ బేలో, సీజన్ వస్తే ఓషన్ సిటీ నుంచి బయటి సముద్రంలోకి, చిన్న బోటు మీద చేపలకి వెళ్తుంటాను. ఎనభైల చివర్లో కొన్న మొదటి బోటులో లోరాన్-సీ సెట్టు, అంటే రేడియో సిగ్నళ్లతో మనం ఎక్కడున్నామో చెప్పే పాత పరికరం, బిగించే ఉంది, 2010లో సిగ్నల్ ఆపేసేదాకా దాన్ని వాడాను. తొంభైల చివర్లో జీపీఎస్ కూడా తోడైంది. ఈమధ్య పాత బోట్లు కొంటున్న మన తెలుగు కుర్రాళ్లు డ్రాయర్‌లో దొరికిన నోట్‌బుక్ ఫొటో తీసి పంపి "అంకుల్, ఈ ఐదంకెల నంబర్లేంటి, జీపీఎస్‌లో కొడితే తీసుకోవట్లేదు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు రెండిటి సంగతీ ఒకేచోట రాసేస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, రోజువారీ వాడకంలో జీపీఎస్‌కి లోరాన్ సాటి రాదు. పొగమంచులో చానల్ పట్టుకోవాలన్నా, చీకటి పడ్డాక ఇన్‌లెట్‌లోకి రావాలన్నా నేను చూసేది జీపీఎస్ ప్లాటర్‌నే, అంటే తెర మీది చార్టులో బోటు ఎక్కడుందో చూపించే సెట్టునే. అయినా లోరాన్‌ని మొత్తానికి పీకేయడం మంచి పని కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

లోరాన్ నేల మీది స్టేషన్లతో నడిచేది. మా ఈశాన్య తీరానికి పనిచేసే స్టేషన్ల గుంపుకి 9960 అని నంబరు. న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా మాస్టర్, అంటే ముఖ్య స్టేషన్, దానికి తోడు మెయిన్‌లో కారిబూ, మసాచుసెట్స్‌లో నాన్‌టకెట్, నార్త్ కరోలినాలో కరోలినా బీచ్, ఇండియానాలో డానా. అన్నీ 100 కిలోహెర్ట్జ్ మీద పల్సులు వదిలేవి. మాస్టర్ పల్సు అందిన ఎన్ని మైక్రోసెకన్లకి నాన్‌టకెట్ పల్సు అందిందో సెట్టు కొలిచి చూపించేది. ఆ తేడా ఒకేలా ఉండే చోట్లన్నీ కలిపితే ఒక వంపు గీత వస్తుంది, చార్టుల (సముద్రపు మ్యాపుల) మీద ఆ గీతలు ముద్రించే ఉండేవి. కరోలినా బీచ్‌తో ఇంకో గీత. రెండూ ఎక్కడ కలిస్తే మనం అక్కడ ఉన్నట్టు. చీసపీక్ బే మీది బే బ్రిడ్జి దగ్గరైతే మొదటి అంకె 27,600 దరిదాపుల్లో, రెండోది 42,700 దరిదాపుల్లో కనపడేది, ఓషన్ సిటీ నుంచి బయటికి పోయేకొద్దీ 27,000, 42,300 అలా వచ్చేవి. మీ నోట్‌బుక్‌లో ఉన్నవి ఇవే.

దీంతో ఒక చోటికి వెళ్లే పద్ధతి నాకు చాలా ఇష్టంగా ఉండేది. అడుగున మునిగిన ఓడ ఒకటి ఉందనుకోండి, దాని రెండు అంకెలూ నోట్‌బుక్‌లో ఉన్నాయి. ముందు బోటుని తిప్పి మొదటి అంకె సరిపోయేదాకా తెచ్చుకోవాలి, ఆ తర్వాత ఆ అంకె మారకుండా చూసుకుంటూ, అంటే చార్టు మీది ఆ గీత వెంబడే, నెమ్మదిగా పోవాలి. దశాంశం తర్వాతి అంకె అటూ ఇటూ కదులుతుంటే స్టీరింగ్ కొద్దిగా సర్దుకుంటూ పోతుంటే రెండో అంకె మెల్లగా మనకి కావాల్సిన దాని వైపు నడుస్తుంది, అది వచ్చేసరికి లోతు చూపించే ఫిష్‌ఫైండర్ మీద అడుగు ఒక్కసారి పైకి లేస్తుంది. అక్షాంశం, రేఖాంశం, లెక్కలు ఏమీ అక్కర్లేదు.

లోరాన్ గట్టితనం అంతా ఇక్కడే ఉంది. అధికారికంగా దాని ఖచ్చితత్వం పావు నాటికల్ మైలు అని రాసేవాళ్లు, అది చూసి ఇప్పటివాళ్లు పెదవి విరుస్తారు. కానీ ఒకసారి వెళ్లి అంకెలు రాసుకున్న చోటికి అవే అంకెలతో మళ్లీ వెళ్తే 18 నుంచి 90 మీటర్లలోపు తీసుకొచ్చి దింపేది. ఈ రెండిటికీ తేడా ఎందుకంటే, రేడియో తరంగం నేల మీదుగా వచ్చేటప్పుడు సముద్రం మీద కంటే కాస్త నెమ్మదిస్తుంది, ఎంత నెమ్మదిస్తుందో దారిలోని నేలని బట్టి ఉంటుంది. సెట్టు ఆ అంకెల్ని అక్షాంశ రేఖాంశాలుగా మార్చి చూపించినప్పుడు ఈ తప్పు అందులో కలిసిపోతుంది. అవే అంకెలతో వెనక్కి వెళ్తే మాత్రం తప్పు ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి మనకి అడ్డు రాదు. అందుకే డబ్బు తీసుకుని జనాన్ని చేపలకి తీసుకెళ్లే పాత చార్టర్ కెప్టెన్లు మైక్రోసెకన్ల అంకెలే రాసుకునేవాళ్లు, వాటిని ఎవరికీ ఇచ్చేవాళ్లు కాదు, "నంబర్స్" అంటే వాళ్లకి ఆస్తి కింద లెక్క.

ఇబ్బందులు లేవని కాదు. పొడుగు విప్ యాంటెన్నా, దాన్ని సెట్టుకి కలిపే కప్లర్, వీటికి గ్రౌండింగ్ సరిగా కుదరకపోతే ఏదీ పనిచేయదు. ఇంజన్ ఆల్టర్నేటర్ గోల, క్యాబిన్‌లో ట్యూబులైటు గోల, అన్నీ ఆ 100 కిలోహెర్ట్జ్ దగ్గరే పడతాయి. ఆన్ చేశాక స్టేషన్లని పట్టుకోవడానికి నిమిషాలు పట్టేది. ఉరుముల వాన దగ్గరికొస్తే, సరిగ్గా దారి తెలియాల్సిన సమయంలోనే, సిగ్నల్ జారిపోయేది. ఆ టెన్షన్ మర్చిపోలేను. గీతలు బాగా ఏటవాలుగా కోసుకునే ప్రాంతాల్లో అయితే రెండు అంకెలూ సరిగ్గా ఉన్నా పొజిషన్ నమ్మడానికి ఉండేది కాదు.

జీపీఎస్‌లో నేను మొదట కొన్నది గార్మిన్ జీపీఎస్ 12, చేతిలో పట్టుకునేది, నాలుగు డబుల్-ఏ బ్యాటరీలు, మ్యాపు ఉండదు, నలుపూ బూడిద రంగు తెర. నచ్చింది, ఎందుకంటే ఆకాశం కనిపిస్తే చాలు, యాంటెన్నా బిగించే పని లేదు. అయితే అప్పట్లో అమెరికా సైన్యం పౌరుల సిగ్నల్‌ని కావాలనే పాడుచేసి వదిలేది, పొజిషన్ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. డాక్‌కి కట్టేసి ఉన్న బోటు కూడా నడుస్తున్నట్టు స్పీడు చూపించేది, తెర మీద ట్రాక్ పిచ్చిగీతల్లా పరుచుకునేది. ఆ రోజుల్లో ఓడ శిథిలం మీదికి వెళ్లాలంటే నేను జీపీఎస్‌ని కాదు, లోరాన్‌నే నమ్మాను, నాతో తిరిగేవాళ్లు కూడా అంతే. 2000 మే మొదట్లో ఆ పాడుచేయడం ఆపేశారు. అదే డాక్ దగ్గర అదే సెట్టు పెట్టి చూస్తే పిచ్చిగీతలన్నీ చిన్న ముడిలా ఒకచోట కూర్చున్నాయి. 2003లో జీపీఎస్ తప్పుల్ని సవరించే సిగ్నల్ పంపే వాస్ (WAAS) కూడా వాడకంలోకి వచ్చింది, ఆ సవరణ తీసుకునే సెట్టు కొన్నాక తేడా కొన్ని మీటర్లకి దిగింది. అప్పటి నుంచి లోరాన్‌కి రెండో కుర్చీయే.

కానీ రెండో కుర్చీ ఖాళీగా ఉండకూడదు, నా బాధ అంతా అదే. 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే పెద్ద క్రూయిజ్ షిప్ బెర్ముడా నుంచి బోస్టన్ వస్తూ నాన్‌టకెట్ దగ్గర ఇసుక దిబ్బ ఎక్కింది. జీపీఎస్ యాంటెన్నా కేబుల్ ఊడిపోయింది, సెట్టు ఉపగ్రహాల్ని వదిలేసి పాత వేగం, పాత దిశతో ఊహించుకుంటూ పోయింది, ఓడ దాదాపు 17 మైళ్లు పక్కకి వచ్చేసింది. అదే బ్రిడ్జి మీద లోరాన్-సీ సెట్టు ఆన్‌లోనే ఉంది, సరిగ్గానే చూపిస్తోంది. రెండిటినీ పోల్చి చూసినవాళ్లు లేరు, అంతే. రెండు సెట్లు రెండు వేర్వేరు దారుల్లో పొజిషన్ తెస్తే పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. రెండో జీపీఎస్ కొని జేబులో పెట్టుకుంటే ఆ లాభం రాదు, అదీ ఆ ఉపగ్రహాల్నే వింటుంది.

20,200 కిలోమీటర్ల పైనుంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ చాలా బలహీనం, లోరాన్ స్టేషన్ల మాదిరి లక్షల వాట్లతో వచ్చేది కాదు. దాన్ని అడ్డుకోవడానికి చిన్న జామర్ పరికరం చాలు. కంపెనీ ట్రక్కుని ట్రాక్ చేయకుండా ఒక డ్రైవర్ పెట్టుకున్న జామర్ న్యూవార్క్ ఎయిర్‌పోర్ట్ జీపీఎస్ పరికరాల్ని తికమక పెట్టింది, 2013లో అతనికి జరిమానా కూడా వేశారు. ఆ పని లోరాన్‌కి చేయాలంటే పెద్ద యాంటెన్నా, పెద్ద పవర్ కావాలి. ఇవన్నీ తెలిసి కూడా 2010 ఫిబ్రవరి 8న అమెరికాలో చాలా స్టేషన్లు ఆపేశారు, అదే ఏడాది ఆగస్టుకి మిగిలినవీ పోయాయి. ఐదేళ్లలో 19 కోట్ల డాలర్లు మిగులుతాయన్నారు. మెరుగుపరిచిన ఈలోరాన్ తెస్తారేమోనని చాలామంది ఎదురుచూశాం. 2018లో జీపీఎస్ టైమింగ్‌కి నేల మీది బ్యాకప్ ఒకటి ఉండాలని చట్టమే చేశారు. అయినా బోటు మీద వాడుకునేది ఇప్పటికీ ఏమీ రాలేదు. పైగా చార్టులు తయారుచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) ముద్రిత చార్టుల సంప్రదాయ శ్రేణిని కూడా మూసేసింది, ఇప్పుడు కావాలంటే మనమే ప్రింటు వేయించుకోవాలి. నేను మా ప్రాంతానివి వేయించి ఉంచుకున్నాను, ప్లాటర్ చూస్తూనే లోతు చార్టుతో సరిపోతోందా, దిక్సూచి అదే చెబుతోందా అని చూసుకోవడం మానలేదు.

ఇక నోట్‌బుక్ ఉన్నవాళ్లకి. ఆ అంకెల్ని లెక్క కట్టి అక్షాంశ రేఖాంశాలుగా మార్చే ప్రోగ్రాములు దొరుకుతాయి, వాడండి, కానీ వచ్చిన పొజిషన్ మీదికి నేరుగా వెళ్లి ఏమీ లేదని తిరిగి రాకండి. పైన చెప్పిన నేల తేడా అందులో ఉంటుంది. రెండు సెట్లూ పనిచేసిన రోజుల్లోనే ఓపిగ్గా ఒక్కో చోటికి వెళ్లి జీపీఎస్‌లో మార్క్ కొట్టుకున్నవాళ్ల నంబర్లు ఇప్పటికీ సరిగ్గా ఉన్నాయి, నావి అవే. మిగతావాళ్లు మార్చిన పొజిషన్‌ని మధ్యలో పెట్టుకుని, చుట్టూ పావు మైలు దాకా వరసలు వరసలుగా, ఫిష్‌ఫైండర్ చూస్తూ మెల్లగా తిరగండి. ఒకటి దొరికితే అది లెక్కకి ఏ వైపు, ఎంత దూరంలో ఉందో రాసుకోండి. దాని పక్క చోట్లకి కూడా తేడా చాలావరకు అదే వైపు, అంతే ఉంటుంది, ఆ పేజీలోని మిగతా నంబర్లు వెతకడం సగం పని అయిపోతుంది.