హోమ్‌లోన్ ఏజెంటుకి సొంత వెబ్‌సైటా, కొన్న లీడ్లా?

భీమవరంలోనో అమలాపురంలోనో సొంతంగా హోమ్‌లోన్లు ఇప్పించే ఏజెంటు పోర్టల్ దగ్గర లీడ్లు (లోన్ కావాలనుకునేవాళ్ల వివరాలు) కొంటే ఫోన్ నంబరు వెంటనే చేతికొస్తుంది. కానీ అదే నంబరు మరో నలుగురికీ వెళ్లి ఉండొచ్చు. గంట ఆలస్యమైతే అవతలివాళ్లు విసిగిపోయి ఫోనే ఎత్తరు. డబ్బు కట్టడం ఆపిన రోజే లీడ్లూ ఆగిపోతాయి.

సొంత వెబ్‌సైట్ మొదటి కొన్ని నెలలు చడీచప్పుడు లేకుండా ఉంటుంది. దానికి జనాన్ని తెచ్చేది ఊరి సమస్య మీద రాసిన పేజీలే. "తక్కువ వడ్డీకే లోన్" అని రాస్తే బ్యాంకుల పేజీల కింద ఎక్కడో పడిపోతుంది. "గ్రామకంఠం స్థలంలో ఇంటికి లోన్ వస్తుందా?" అని ఒక పేజీ పెట్టండి (గ్రామకంఠం అంటే ఊళ్లో ఇళ్లకోసం ఉన్న పాత నివాస స్థలం). లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం), ఇంటిపన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్‌లో ఏది లేకపోతే ఫైలు ఎక్కడ ఆగుతుందో విడమరిచి చెప్పండి. ఇంకో పేజీలో లెక్క చూపండి: 20 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే నెలకు సుమారు 17,356 రూపాయలు. 30 లక్షల వరకు లోనుకి ఆస్తి విలువలో 90 శాతం దాటి ఇవ్వకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. మిగతాది చేతి డబ్బేనని ముందే రాయండి.

ఫారంలో పేరు, నంబరు, ఊరు, ఆదాయం దేనిమీదో అడిగితే చాలు. ఆధార్, పాన్ అక్కడే అడిగితే భయపడి వెనక్కెళ్లిపోతారు. చేపల చెరువు ఆదాయమైతే ఐటీ రిటర్నులున్నాయా అన్న ప్రశ్న మాత్రం తప్పనిసరి.

ఈ నెల ఖర్చులు గడవాలంటే కొద్దిగా లీడ్లు కొనండి. వాటికి ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ప్రశ్నల్ని రాసిపెట్టుకుంటే, అవే రేపటి పేజీలు.