జూబ్లీహిల్స్ అడ్మిషన్ కౌన్సెలింగ్ సంస్థ: కాగితాల పని మెచ్చదగ్గది, వ్యాసాల పని కాదు

బీటెక్ అయ్యాక ఎంఎస్‌కు అమెరికా పంపించే కన్సల్టెన్సీలు మన ఊళ్లో లెక్కకు మించి ఉన్నాయి. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒకసారి తలెత్తి బోర్డులు చూస్తే చాలు. ఇంటర్ పూర్తికాగానే నేరుగా అక్కడి డిగ్రీలో, అదీ నూటికి నలుగురైదుగురికి మించి చోటివ్వని విశ్వవిద్యాలయాల్లో చేరాలనుకునే పిల్లల కోసం పనిచేసేవి మాత్రం తక్కువ, వాటి ఫీజులు ఎక్కువ. మా అమ్మాయి కోసం జూబ్లీహిల్స్‌లోని అలాంటి ఒక సంస్థకు 2,40,000 రూపాయలు కట్టి, 2023 జూన్ నుంచి పది నెలలు వాళ్ల చుట్టూ తిరిగాం. సంస్థ పేరు రాయడం లేదు. ఈ వ్యాపారం నడిచే తీరు అంతటా ఇంచుమించు ఇదేనని, మాకంటే ముందు ఇతర చోట్ల కట్టిన ఇద్దరు తల్లిదండ్రులతో మాట్లాడాక అర్థమైంది కాబట్టి, పేరు కన్నా పని గురించి తెలుసుకోవడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

మాది దిల్‌సుఖ్‌నగర్. మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ నీలం లైనుకు మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగి ఆటో ఎక్కాలి. కార్యాలయం చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది, కాఫీ బాగుంటుంది. వేచి ఉండే గదిలో గోడనిండా సీట్లు వచ్చిన పిల్లల ఫోటోలు, వాటి నడుమ సత్య నాదెళ్ల చిత్రపటం కనిపిస్తాయి. ఆయన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు నుంచి మణిపాల్‌కు, ఆ తర్వాత ఎంఎస్ కోసం మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ సంస్థ మాకు తయారుచేసిన జాబితాలో ఆ పేర్లు లేవు, ఉంటాయని ఆశించడమూ అమాయకత్వమే.

మొదటి సమావేశం పూర్తిగా అమ్మకానికి సంబంధించినది. తమ విద్యార్థుల్లో 98 శాతం మందికి కోరుకున్న చోట సీటు వచ్చిందన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే, విద్యార్థి దరఖాస్తు పెట్టిన పన్నెండింటిలోనో పదిహేనింటిలోనో ఏ ఒక్కటి రమ్మన్నా దాన్ని విజయంగానే లెక్కిస్తారని, అడిగినవారిలో ఎక్కువమందిని చేర్చుకునే విశ్వవిద్యాలయాలు మూడు నాలుగు ప్రతి జాబితాలోనూ ఉండేలా చూస్తారని తేలింది. 2024లో చేరే తరగతికి హార్వర్డ్‌కు 54,008 దరఖాస్తులు వస్తే అవకాశం దక్కింది 1,937 మందికి. ఎంఐటీకి 28,232 వస్తే 1,275 మందికి. ఈ అంకెలు తెలిసినవారు 98 అన్న మాట విని కాఫీ తాగి ఊరుకోవడం మేలు. ‘ప్రొఫైల్ బిల్డింగ్’ పేరుతో మరో 1,10,000 రూపాయలకు డబ్బు తీసుకుని అచ్చువేసే ఒక పత్రికలో పరిశోధన వ్యాసం, ఒక స్వచ్ఛంద సంస్థ స్థాపన కలిపి ఇస్తామన్నారు. పదిహేడేళ్ల పిల్ల ఆర్నెల్లలో స్వచ్ఛంద సంస్థను స్థాపించి మూసేయడం మాకు రుచించక అది వద్దన్నాం.

అదే రోజు చెప్పిన ఇంకొక మాట ఖరీదైన తప్పు అయ్యేది. “ఆర్థిక సహాయం కావాలన్న గడిలో టిక్కు పెట్టకండి మేడం, అవకాశాలు పెరుగుతాయి” అన్నారు. విదేశీ విద్యార్థి సహాయం అడిగాడా లేదా అన్నది కూడా చూసి నిర్ణయించే విశ్వవిద్యాలయాల విషయంలో అది నిజమే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ వంటి కొన్ని మాత్రం విదేశీయుల విషయంలో కూడా కుటుంబ స్తోమతతో సంబంధం లేకుండా ఎంపిక చేసి, చేర్చుకున్నాక అవసరమైనంత సహాయం ఇస్తాయి. అక్కడ టిక్కు మానేస్తే ఒరిగేది ఏమీ లేదు. పైగా చాలా చోట్ల మొదట్లో అడగని విదేశీ విద్యార్థి తర్వాత అడగడానికి వీలుండదు. మా వారి జీతంతో ఆ సలహా పాటించి ఉంటే సీటు వచ్చినా వదులుకోవలసి వచ్చేది.

ఇంత చెప్పాక కూడా మళ్లీ కొంత డబ్బు ఇదే సంస్థకు ఇస్తానా అంటే ఇస్తాను. కారణం అక్కడ దస్తావేజుల పని చూసే ఉద్యోగిని ఒకరు. తెలంగాణ ఇంటర్ బోర్డు విద్యార్థికి ఈ దరఖాస్తులో అసలు కష్టం వ్యాసంలో కాదు, కళాశాల పంపవలసిన స్కూల్ రిపోర్టులో ఉంది. ‘కామన్ యాప్’ అనే ఉమ్మడి దరఖాస్తు తయారుచేసినవారి ఊహలో ప్రతి బడిలోనూ పిల్లల్ని ఎరిగిన కౌన్సెలర్ ఒకరు ఉంటారు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కులు ఒకే పట్టికలో ఉంటాయి. మా అమ్మాయి చదివిన జూనియర్ కళాశాలలో జేఈఈ ర్యాంకుల లెక్క చూసేవారు నలుగురు ఉన్నారు గానీ కౌన్సెలర్ లేరు. తొమ్మిదో తరగతి కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌లో వేరే బడిలో గడిచింది. పదో తరగతి మెమోలో పదికి జీపీఏ ఉంది. ఎంపీసీ మొదటి ఏడాది మెమోలో మార్కులు ఉన్నాయి. మొదటి ఏడాది 470కి, రెండో ఏడాది 530కి అని మన ఇళ్లలో అందరికీ తెలుసు. బోస్టన్‌లో కూర్చుని 451 అన్న అంకె చూసే అధికారి దాన్ని వెయ్యికి అనుకుంటే తప్పు ఆయనది కాదు. ఆ ఉద్యోగిని బోర్డు మార్కుల పద్ధతిని ఒక పేజీలో వివరించే నమూనా తయారుచేసి, కళాశాలకు రెండుసార్లు స్వయంగా వచ్చి, ప్రిన్సిపాల్‌నే కౌన్సెలర్‌గా నమోదు చేయించి, ఆయన సొంత జీమెయిల్‌కు బదులు కళాశాల పేరుతో ఈమెయిల్ తెరిపించారు.

సిఫారసు లేఖల దగ్గర మరింత ఓపిక చూపించారు. ఫిజిక్స్ లెక్చరర్ మంచివారే. “మీరే రాసుకుని రండమ్మా, సంతకం పెట్టేస్తాను” అన్నారు, మన దగ్గర అలవాటైన పద్ధతే కదా. ఆ లేఖను ఉపాధ్యాయుడే నేరుగా పంపాలని, దాన్ని చూసే హక్కును విద్యార్థి సాధారణంగా ముందే వదులుకుంటుందని ఆవిడ వివరించి, అరగంట కూర్చోబెట్టి, ఈ అమ్మాయి ల్యాబులో ఏం చేసింది, ఏం పాడుచేసింది అని తెలుగులోనే అడిగి, ఆయన చెప్పినదాన్ని ఆయన చేతనే ఇంగ్లిషులో రాయించారు. ఎంఐటీకి గణితం లేదా సైన్సు బోధించేవారి లేఖతో పాటు భాష లేదా సాంఘిక శాస్త్రాలు బోధించేవారిది కూడా ఒకటి కావాలి. మార్కుల కోసం తీసుకున్న సంస్కృతం ఆ విధంగా మొదటిసారి వేరే పనికి అక్కరకు వచ్చింది.

ఆర్థిక సహాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ పని కూడా బాగానే చేశారు. మొదటి విశ్వవిద్యాలయానికి 25 డాలర్లు, ఆపై ఒక్కొక్క దానికి 16 డాలర్లు చెల్లించే ఆ పత్రంలో ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్నులు, ఊళ్లోని పొలం విలువ అన్నీ రూపాయల్లోనే వేయించారు.

వ్యాసాల విభాగానికి వచ్చేసరికి మెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. ప్రధాన వ్యాసానికి హద్దు 650 పదాలు. మా అమ్మాయి రాసుకున్నది మా అపార్ట్‌మెంటు సంపు గురించి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో, ఎన్ని నిమిషాలు వచ్చాయి, ఎండాకాలంలో ఎన్ని ట్యాంకర్లు దిగాయి అని లాక్‌డౌన్ రోజుల నుంచి పాత లెక్కల పుస్తకంలో రాసేది. సంపులో నీళ్లను వాచ్‌మన్ గాట్లు పెట్టిన వెదురు కర్రతో కొలుస్తాడు. గాట్ల మధ్య దూరాలు సమానంగా లేవని, కర్ర తప్పని ఈమె వాదించి, కొత్త కర్ర చేసి ఇచ్చింది. ట్యాంకర్ లీటర్లతో పోల్చి చూస్తే పాత కర్రే సరైనదని తేలింది. సంపు అడుగు ఒక పక్కకు వాలుగా ఉందన్న సంగతి అతనికి తెలుసు, ఈమెకు తెలియదు. మొదటి చిత్తుప్రతిలో ఇంగ్లిషు అక్కడక్కడా తడబడింది గానీ, చదివినవారికి ఆ కర్ర కళ్లముందు కనిపించేది.

సంస్థ ఎడిటర్ దాన్ని పద్నాలుగు సార్లు మార్చారు. నాలుగో ప్రతిలో ప్రపంచ నీటి సంక్షోభం ప్రవేశించింది, ఏడో ప్రతికి మా అమ్మాయి కాలనీ నీటి ఉద్యమ నాయకురాలు అయింది, పదకొండో ప్రతిలో కొత్త కర్రే సరైనదని తేలింది. తాను తప్పుపడ్డ సంగతి చెప్పుకుంటే బలహీనంగా కనిపిస్తుందని వాళ్ల వాదన. “వాచ్‌మన్ అంకుల్ ఏడి?” అని అది చదివి మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఎడిటర్ దగ్గర జవాబు లేదు. దరఖాస్తు చివర ఇదంతా నా సొంత రచన, నిజం అని విద్యార్థి సంతకం చేయాలి. కృత్రిమ మేధ రాసిన దాన్ని తనదిగా చూపడాన్ని కూడా కామన్ యాప్ 2023 నుంచి మోసాల జాబితాలో చేర్చింది. ఆ సంతకం మాట ఎత్తినప్పుడు, అందరూ చేసేదే అన్నారు. డిసెంబరు మూడో వారంలో ఆమె రెండో ప్రతికి తిరిగి వెళ్లి, వ్యాకరణం సరిచూసుకుని అదే పంపింది. అప్పటికి జేఈఈ మెయిన్స్‌కు నెల రోజులే ఉన్నాయి. పద్నాలుగు ప్రతులకు పోయిన వారాంతాలే నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగించిన నష్టం.

ఎంఐటీ ఫలితం ఇంటర్ పరీక్షల రోజుల్లోనే, మన గడియారంలో మార్చి 15 తెల్లవారుజామున 3:58కి వచ్చింది, కాదన్నారు. మొత్తం తొమ్మిదిలో ఏడు కాదన్నాయి, ఒకటి వెయిట్‌లిస్టులో పెట్టింది, ఒక చిన్న కళాశాల దాదాపు పూర్తి సహాయంతో రమ్మంది. ఇందులో సంస్థను తప్పుపట్టవలసింది లేదు. మాకు సీటిచ్చిన ఆ కళాశాల వాళ్ల జాబితాలో లేదు, మా అమ్మాయి సొంతంగా చేర్చుకున్నది. అయినా 98 శాతంలో మమ్మల్ని కలుపుకున్నారు, గోడకు ఫోటో కూడా అడిగారు. ఇవ్వలేదు.

ఈ దారిలో వెళ్లదలచినవారు ముందుగా అమెరికా విదేశాంగ శాఖ తరఫున నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహాదారులను కలవవచ్చు. కామన్ యాప్ ప్రాథమిక విషయాలు మాకు అక్కడ ఉచితంగానే దొరికాయి. ఈ సంస్థకే వెళ్లేటట్లయితే మొత్తం ప్యాకేజీ కాకుండా దస్తావేజులు, సీఎస్ఎస్ పని మాత్రమే గంటల లెక్కన అడగండి. గంటకు 6,000 రూపాయలు తీసుకుంటారు, పది పన్నెండు గంటల్లో అయిపోతుంది. ఈ సదుపాయాన్ని కరపత్రంలో రాయరు, జూలై దాటాక అడిగితే ఇవ్వరు.