ఒకే మానిటర్, రెండు కంప్యూటర్లు: కేవీఎం కొనాలా, సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, రెండు బటన్లతో పోతుందా?

ఒంగోలు లాయర్‌పేటలో మా మేడమీది గదికి కిటికీ ఒకటి, టేబుల్ ఒకటి, ప్లగ్ బోర్డు ఒకటి. ఆ టేబుల్ మీదే పగలంతా నా ఆఫీసు పని. కంపెనీ హైదరాబాదులో, నేనిక్కడ. సాయంత్రం నాలుగు దాటితే కింది వాటా నుంచి అక్క పైకొస్తుంది. బావకు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది, దాని లెక్కలు టాలీలో ఎక్కించేది అక్కే. ఆ టాలీ ఉన్న డెస్క్‌టాప్ సీపీయూ టేబుల్ కింద ఉంటుంది. మానిటర్, కీబోర్డు, మౌస్ మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్క సెట్టే. ఇంకో మానిటర్ కొందామంటే డబ్బు సంగతి తర్వాత, ముందు పెట్టడానికి చోటు లేదు.

ఏడాదిపాటు మేం చేసింది వైరు పీకి వైరు పెట్టడమే. నెలకు రెండు రోజులు, 11న ఒకసారి 20న ఒకసారి, అక్కకు జీఎస్టీ రిటర్నుల టెన్షన్. ఒక 20వ తారీఖు సాయంత్రం నాకేమో మీటింగ్, తనకేమో జీఎస్టీ 3బీ రిటర్ను. హడావుడిలో లాగేసరికి నా లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ సాకెట్టు వదులైపోయింది. ఆ రోజు నుంచి కేబుల్‌ని కాస్త పైకెత్తి పట్టుకుంటేనే బొమ్మ. చేసేదిలేక టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న అడాప్టర్‌తో నెట్టుకొస్తున్నా. రోజూ పీకి పెట్టేవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే: ఏది కొన్నా కొనకపోయినా, ఆ పని మాత్రం మానండి.

ఏది మేలు అనే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. రెండు కంప్యూటర్లూ ఒకేసారి కళ్లముందు ఉండాలా, లేక ఒకదాని పని అయ్యాకే రెండోదా? రోజుకు ఎన్నిసార్లు మారతారు? నేను లెక్కేసుకుంటే నాకు పది, పన్నెండు సార్లు. అదే రోజుకు రెండుసార్లే అయితే కింద రాసిన దాంట్లో సగం మీకు అక్కర్లేదు.

ఎవర్నడిగినా ముందు చెప్పేది కేవీఎం స్విచ్. కీబోర్డు, వీడియో, మౌస్ అనే మూడు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. అరచేతిలో పట్టే డబ్బా. ఒక్కో కంప్యూటర్ నుంచి ఒక హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ కేబుల్ దానిలోకి వస్తాయి, అటువైపు మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలిస్తాం. బటన్ నొక్కితే మూడూ కలిసి రెండో కంప్యూటర్‌కు మారతాయి. చాలా డబ్బాల్లో స్క్రోల్ లాక్ కీ రెండుసార్లు నొక్కినా మారుతుంది. కాకపోతే ఈ రోజుల్లో చిన్న కీబోర్డుల మీద ఆ కీనే ఉండట్లేదు, చూసుకుని కొనాలి.

ట్రంకు రోడ్డులో ఒక షాపుకెళ్లి కేవీఎం అడిగితే నా చేతిలో హెచ్‌డీఎంఐ స్విచ్ పెట్టారు. ఇంటికొచ్చి విప్పాక గానీ తెలియలేదు. అది బొమ్మను మాత్రమే మారుస్తుంది, కీబోర్డు, మౌస్ దానికి పట్టవు. ఇంకొకటి హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్ అని ఉంటుంది, అది పూర్తిగా తిరగేసిన సరుకు: ఒక కంప్యూటర్ బొమ్మను రెండు తెరల మీద చూపిస్తుంది. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డబ్బా మీద కీబోర్డు, మౌస్ పెట్టే యూఎస్‌బీ రంధ్రాలు ఉన్నాయో లేదో చూస్తే చాలు, మోసపోరు.

తర్వాత స్నేహితుడి దగ్గర అసలు కేవీఎం అరువు తెచ్చి వారం రోజులు వాడా. మారడం హాయిగానే ఉంది. అక్క కూడా మొదటి రోజే అలవాటు పడింది. కానీ రెండు చిక్కులు కనపడ్డాయి.

ఒకటి, బొమ్మ నాణ్యత. మాది మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ కాబట్టి ఏ తేడా రాలేదు. ఆ స్నేహితుడిది 4కే. అతని బాధ వేరే. డబ్బా మీద 4కే అని పెద్దక్షరాలతో ఉంటుంది, పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 30 హెర్ట్జ్ అని ఉంటుంది. లోపలున్నది హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేలో సెకనుకు 30 బొమ్మలే పంపగలదు. మౌస్ కదిపితే బాణం గుర్తు తేనెలో పడ్డ ఈగలా ఈడ్చుకుంటూ వస్తుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 అని రాసి ఉన్నదే తీసుకోవాలి, దాని ధర వేరుగా ఉంటుంది.

రెండోది నన్ను ఎక్కువ విసిగించింది. తగిలించగానే మానిటర్ కంప్యూటర్‌కు తన సంగతి చెప్పుకుంటుంది: నా వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని. దాన్ని ఈడీఐడీ అంటారు. చవక కేవీఎంలో బటన్ నొక్కగానే ఆ మాట తెగిపోతుంది. మానిటర్ పీకేశారనుకుని లాప్‌టాప్ తెరిచి ఉన్న విండోలన్నీ తన చిన్న తెర మీదికి లాక్కుంటుంది. తిరిగొచ్చేసరికి పెద్ద తెర మీద పక్కపక్కన సర్దుకున్న నాలుగు విండోలూ ఒకదాని మీదొకటి కుప్ప. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్తే మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద ‘రిమెంబర్ విండో లొకేషన్స్’ అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టాక చాలావరకు సర్దుకుంది. పూర్తిగా పోవాలంటే ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్న కేవీఎం కొనాలి. అటు మారినా ఇటు మానిటర్ ఉన్నట్టే నటిస్తుంది అది. ఆ రకం వాటి ధరలు చూశాక వెతుకులాట వేరే దారికి మళ్లించా.

మా మానిటర్ వెనకాల తిప్పి చూస్తే రెండు హెచ్‌డీఎంఐలు, ఒక వీజీఏ అనే పాతకాలపు వీడియో సాకెట్టు. ఏడాదిగా ఒక్కదాన్నే పీకి పీకి పెడుతున్నాం! ఒకదాంట్లో లాప్‌టాప్, రెండోదాంట్లో డెస్క్‌టాప్ శాశ్వతంగా పెట్టేస్తే బొమ్మ మార్చే పని మానిటరే చేస్తుంది. మిగిలింది కీబోర్డు, మౌస్. వాటికోసం యూఎస్‌బీ స్విచ్ అని అమ్ముతారు. నేను కొన్నప్పుడు ఎనిమిది వందల దాకా అయింది, కేవీఎంకు పెట్టేదాంట్లో సగం కూడా కాదు. బొమ్మ ఏ డబ్బాలోనుంచీ పోదు కాబట్టి 4కే అయినా 144 హెర్ట్జ్ అయినా ఈ దారిలో నష్టమేమీ లేదు.

లోటల్లా బటన్ల లెక్క. స్విచ్ మీద ఒకటి, మానిటర్ కింద మూడు: మెనూ తెరవాలి, కిందికి దిగాలి, ఓకే కొట్టాలి. మొదటి వారం అక్క గొణుగుడు వినాలి.

“ఎన్నిసార్లు నొక్కాలిరా దీన్ని? వైరు పీకడమే నయంలా ఉంది.”

“నాలుగేగా అక్కా.”

“నీకేం, కుర్చీలో కూర్చుని చెప్తావు. నేను వంగి ఆ బటన్ ఎక్కడుందో తడుముకోవాలి.”

దీనికీ మందు దొరికింది. చాలా మానిటర్లు డీడీసీ అనే దారిలో కంప్యూటర్ మాట వింటాయి, ఇన్‌పుట్ మార్చమని కంప్యూటరే చెప్పొచ్చు. డిస్‌ప్లే స్విచ్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కీబోర్డు తనకు తగిలినా, తన దగ్గర్నుంచి పోయినా అది కనిపెట్టి మానిటర్‌ను అటో ఇటో మారుస్తుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో ఏదీ ఎక్కించనివ్వరు కాబట్టి డెస్క్‌టాప్‌లో మాత్రమే పెట్టా. ఇప్పుడు అక్క పని ముగించి స్విచ్ నొక్కితే తెర దానంతటదే నా లాప్‌టాప్‌కు వచ్చేస్తుంది. అటునుంచి ఇటు మాత్రం రాదు. తెర మీద కనపడని ఇన్‌పుట్ నుంచి వచ్చిన మాట మా మానిటర్ వినదు, కొన్ని మోడళ్లు వింటాయట. అందుకని డెస్క్‌టాప్‌కు మారేటప్పుడల్లా తెరను చేత్తో మార్చాలి, తిరిగి రావడం అదే చూసుకుంటుంది. మెనూ లోపలికెళ్లి డీడీసీ/సీఐ అనేది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, అది ఆఫ్‌లో ఉంటే ఏ ప్రోగ్రామ్ పెట్టినా దండగే.

యూఎస్‌బీ స్విచ్‌కు ఏం తగిలించాలన్నది ఇంకో కథ. నాలుగు రంధ్రాలున్నాయి కదా అని వెబ్‌క్యామ్ కూడా దానికే పెట్టా. మీటింగులో మాట్లాడుతుండగా అక్క వచ్చి అలవాటుగా బటన్ నొక్కింది. నా మొహం మాయం, కీబోర్డు మాయం, మైకు మాయం. అవతల తొమ్మిది మంది. అప్పట్నుంచి వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ నేరుగా లాప్‌టాప్‌కే. బ్యాకప్ తీసుకునే హార్డ్ డిస్కు, పెన్‌డ్రైవ్ అయితే అసలు పెట్టొద్దు. స్విచ్ నొక్కడమంటే ఎజెక్ట్ చేయకుండా పీకేసినట్టే. ప్రింటర్ పెట్టుకోవచ్చు, అదీ ప్రింటు అయ్యేదాకా బటన్ జోలికి పోనివాళ్లుంటే.

ఇక డబ్బా ఏదీ లేని దారి, రెండు కంప్యూటర్లనూ ఇంటి నెట్‌వర్క్ మీదుగా కలిపే సాఫ్ట్‌వేర్. నాకు తెలిసినవాళ్లలో దీన్ని మెచ్చుకునేవాళ్లు ఎక్కువ, పూర్తిగా అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. రెండూ విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది. 2011లో వచ్చింది, ఇప్పుడు పవర్ టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్ల మూటలో కలిసి ఉచితంగా దొరుకుతుంది, నాలుగు కంప్యూటర్ల దాకా కలుపుతుంది. ఒకటి లినక్సో మ్యాకో అయితే డెస్క్‌ఫ్లో, ఇన్‌పుట్ లీప్ లాంటివి ఉన్నాయి. మౌస్‌ను తెర అంచుదాకా తోస్తే గోడ దూకిన పిల్లిలా పక్క కంప్యూటర్ మీదికి పోతుంది. కీబోర్డు దాని వెంటే. ఇక్కడ కాపీ కొట్టింది అక్కడ పేస్ట్ చేయొచ్చు. కొనుగోలుదారు జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలు చేత్తో కొట్టి తప్పు పడే అక్కలాంటి వాళ్లకు ఆ ఒక్క సుఖం చాలు.

కానీ ఇది మానిటర్‌ను పంచదు! కీబోర్డు, మౌస్‌నే పంచుతుంది. రెండు కంప్యూటర్లకూ చెరో తెర ఉండాలి. లాప్‌టాప్ మూత తెరిచి పక్కన పెట్టుకుని, పెద్ద మానిటర్ డెస్క్‌టాప్‌కు వదిలేసేవాళ్లకు ఇదే అన్నిటికన్నా మేలు, రూపాయి ఖర్చు లేదు. పైగా రెండూ ఒకేసారి కనపడతాయి, మామూలు కేవీఎం ఇవ్వలేనిది అదే. మా గదిలో కుదరకపోవడానికి కారణం ఆఫీసు లాప్‌టాప్. ఎక్కించడానికి పర్మిషన్ లేదు. ఉన్నా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే వీపీఎన్ కలపగానే ఇంట్లోని మిగతా కంప్యూటర్లతో సంబంధం తెగిపోతుంది, చాలా కంపెనీల వీపీఎన్‌లు అలాగే కట్టి ఉంటాయి. ఇంకొకటి, కరెంటు పోయి రౌటర్ ఆగితే మౌస్ కూడా ఆగుతుంది. రౌటర్ ఇన్వర్టర్ మీద లేని ఇళ్లలో ఎండాకాలం మధ్యాహ్నాలు దీన్ని నమ్ముకోవద్దు. కంప్యూటర్ మొరాయించి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లాల్సి వచ్చినా ఇది పనికిరాదు, తీగ ఉన్న కీబోర్డు వెతుక్కోవాల్సిందే.

మూడు పరికరాలకు జతయ్యే బ్లూటూత్ కీబోర్డులూ మౌస్‌లూ వచ్చాయి. లాజిటెక్ కే380 మీద మూడు బటన్లుంటాయి, ఏది నొక్కితే దానికి పోతుంది. యూఎస్‌బీ స్విచ్ అక్కర్లేదు. కీబోర్డుకొకసారి, మౌస్‌కొకసారి, మానిటర్‌కొకసారి మార్చాలి, అంతే. రోజుకు రెండుసార్లు మారేవాళ్లకు బాగానే ఉంటుంది.

మానిటర్‌లోనే కేవీఎం ఉన్న రకం చూశారా? డెల్, బెన్‌క్యూ, ఎల్‌జీ వాళ్లవి ఉన్నాయి. లాప్‌టాప్‌కు ఒక్క టైప్-సి కేబుల్ పెడితే బొమ్మ, కీబోర్డు, మౌస్, చార్జింగ్ అన్నీ దాంట్లోనే. డెస్క్‌టాప్‌కు వేరే రెండు కేబుళ్లు. ఎలాగూ కొత్త మానిటర్ కొంటున్నవాళ్లు కాస్త ఎక్కువైనా అదే తీసుకోవాలి, నా మాట మీద నమ్మకం ఉంటే. కాకపోతే ప్రతి లాప్‌టాప్ టైప్-సిలోనుంచీ బొమ్మ రాదు. కొన్ని చార్జింగ్‌కో పెన్‌డ్రైవ్‌కో మాత్రమే. ముందు అది తేల్చుకోండి. ఉన్న మానిటర్ పక్కనపడేసి దీనికోసం కొత్తది కొనడం మాత్రం నేనొప్పుకోను.

ఇదంతా విని బావ తన చీమకుర్తి ఆఫీసుకూ ఒక కేవీఎం చూడమన్నాడు. అక్కడ గదిలో బిల్లులు కొట్టే కంప్యూటర్ ఒకటి, సీసీ కెమెరాల బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్ ఒకటి. తెర ఒకటే. యార్డులో గెలాక్సీ గ్రానైట్ పలకలు లారీకెక్కించేటప్పుడు కెమెరా చూడాలి, లారీ కదిలేముందు బిల్లు కొట్టాలి. నేను వెళ్లి చూసేసరికి డీవీఆర్‌కు వీజీఏ ఉంది, కంప్యూటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంది, మానిటర్‌కు రెండూ ఉన్నాయి. డీవీఆర్‌తో వచ్చిన మౌస్ ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా డ్రాయర్‌లో పడి ఉంది.

“మౌస్ రెండోది పెట్టుకో బావా, తెర మానిటర్ బటన్‌తో మారుద్దాం. ఏం కొనొద్దు.”

“ఏం కొనకుండా ఎట్టా అయిద్దిరా?” అని అనుమానంగా చూశాడు బావ.

డీవీఆర్ మౌస్‌కు ఎర్ర టేపు చుట్టి వచ్చా, ఏది దేనిదో తికమక పడకుండా. రాతి పొడికి మానిటర్ కింది బటన్లు పట్టేయకుండా వాటిమీద చిన్న ప్లాస్టిక్ ముక్క అంటించాడు అక్కడి కుర్రాడు. ఆ బుర్ర నాకు రాలేదు.