"నేరస్థులు వీరే" అని ముందే రాసిపెట్టిన పుస్తకం

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 120 రూపాయలకి దొరికింది, పౌలా హాకిన్స్ రాసిన 'ది గాళ్ ఆన్ ద ట్రెయిన్'. ఇంటికొచ్చి తిరగేస్తే నలభయ్యో పేజీలో ఒక పేరు కింద నీలం పెన్నుతో గీత, పక్కన మార్జిన్‌లో "నేరస్థులు వీరే" అని చేతిరాత. ముందు చదివిన మహానుభావులెవరో! కడుపుమంటతో రాసినా మర్యాద మాత్రం తప్పలేదు. ఆ 'వీరే' పుణ్యమా అని ఆడో మగో బయటపెట్టకుండా నేనూ తప్పించుకుంటున్నాను.

డబ్బులు ఎలాగూ పోశాను కదా అని బ్యాగులో పడేసుకున్నాను. రోజూ చందానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి బేగంపేటలో దిగుతాను. మూడో రోజు బేగంపేట ఎప్పుడు దాటిందో తెలీదు, తలెత్తేసరికి జేమ్స్ స్ట్రీట్.

ఈ నవల్లో కథానాయిక రేచెల్‌ది కూడా రైలు బతుకే. పొద్దున 8.04 ప్యాసింజర్‌లో లండన్ యూస్టన్‌కి పోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. తాగుడు వల్ల ఉద్యోగం ఎప్పుడో ఊడింది. అద్దె గది ఇచ్చిన స్నేహితురాలికి ఆ సంగతి తెలియకూడదని రోజూ ఆఫీసుకెళ్తున్నట్టు రైలెక్కుతుంది. వచ్చేటప్పుడు జిన్ కలిపిన డబ్బా తెరిస్తే నురగ అంచు మీదకి పొంగుతుంది, గబుక్కున నోరు పెడుతుంది. సిగ్నల్ దగ్గర రైలు ఆగినప్పుడల్లా ఒక ఇంట్లో జంటని చూస్తూ, వాళ్లకి తనే పేర్లు పెట్టుకుని, వాళ్లది బంగారంలాంటి కాపురం అనుకుంటుంది. అదే వీధిలో, తను ఒకప్పుడు కాపురం చేసిన ఇంట్లోనే, మాజీ మొగుడు కొత్త భార్యతో, పసిబిడ్డతో ఉన్నాడు. ఓ రోజు ఆ జంటలో అమ్మాయి కనిపించకుండా పోతుంది. ఆ రాత్రి రేచెల్ కూడా ఆ వీధికి వెళ్లింది. తలకి దెబ్బ ఉంది. ఏం జరిగిందో మాత్రం గుర్తులేదు.

పేరు ముందే తెలియడం వల్ల నాకు నష్టమేమీ జరగలేదు. ఆ మనిషి పలికిన ప్రతి మామూలు మాటా, "అయ్యో" అన్నది కూడా, వెన్నులో చలి పుట్టించింది. నిన్న రాత్రి నువ్విలా చేశావని ఎవరు చెప్పినా నమ్మేసి, చేయని తప్పుకి కూడా క్షమాపణ చెప్పుకునే స్థితి రేచెల్‌ది. భయమంతా అక్కడుంది.

ఆ పుస్తకం అంటించిన రోగం ఒకటుంది. భరత్‌నగర్ దాటాక సిగ్నల్‌కి ఆగినప్పుడు ఒక డాబా మీద తీగకి రెండు స్కూల్ యూనిఫారాలు ఆరేసి ఉంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మొన్న మూడు రోజులు చిన్నది కనపడలేదు. జ్వరమేమోనని ఆఫీసులో కూర్చుని కూడా అదే ఆలోచన.

2016లో టేట్ టేలర్ తీసిన సినిమా ఇంట్లో మా ఆయనతో కలిసి చూశాను. కథని లండన్ నుంచి న్యూయార్క్ వైపు మార్చేశారు. హడ్సన్ నది పక్కన ఇళ్లు గేటెడ్ కమ్యూనిటీ బ్రోషర్‌లా మెరుస్తుంటాయి. రైలు పోతుంటే గోడలు వణికే ఇల్లు ఒక్కటీ లేదు. రేచెల్‌గా ఎమిలీ బ్లంట్ మాత్రం ప్రాణం పెట్టింది. ఉబ్బిన కళ్లు, పగిలిన పెదాలు, నీళ్ల సీసాలో వోడ్కా. రైల్లో లీసా కుద్రో ఎదురుపడి రెండు ముక్కలు చెప్పినప్పుడు బ్లంట్ మొహం చూడాలి, ఆ ఒక్క సీను కోసం సినిమాకి రెండు మార్కులు ఎక్కువే వేస్తాను. మిగతాదంతా మసక మసక ఫ్లాష్‌బ్యాకులు. పుస్తకంలో 'గుర్తులేదు' అంటే నిజంగా అక్కడ గొయ్యే. సినిమాలో ఆ గోతిని ఏదో ఒక బొమ్మతో పూడ్చేస్తూ పోయారు.

సగం కాకముందే మా ఆయన "ఫలానావాళ్లే కదా" అని ఫోన్ తీసుకున్నాడు. కరెక్టే చెప్పాడు. ఇంక చూడ్డానికేముంది అన్నాడు. నలభయ్యో పేజీలోనే పేరు తెలిసినదాన్ని నేను స్టేషన్లు మర్చిపోయి చదివాను మరి.

2021లో హిందీలోనూ తీశారు, పరిణీతి చోప్రాతో. పాట మొదలవగానే కట్టేశాను.

పుస్తకం మా సెక్షన్‌లో అమ్మాయి అడిగింది. ఇచ్చేముందు మార్జిన్ మీద వైట్‌నర్ పూశాను. వెలుతురుకి పట్టి చూస్తే ఇంకా కనిపిస్తూనే ఉంది.