చిజెల్: ఇంజిన్‌ఎక్స్ వెనకాల పెట్టి చాలాకాలం వాడాక

ఊళ్లో మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ సీజీనాట్ (చాలా ఇళ్లకు ఒకే పబ్లిక్ ఐపీ పంచే పద్ధతి) వెనకాల ఉంది కాబట్టి బయటినుంచి ఇంటి మెషిన్‌లోకి వెళ్లడానికి రౌటర్‌లో పోర్టు తెరిచినా లాభం లేదు. చిజెల్ అనేది వెబ్ కనెక్షన్ లోపల టనెల్ వేసే టూల్. దాని క్లయింట్ ఇంటి లోపలినుంచే నా వీపీఎస్‌కి (అద్దె సర్వర్) వెబ్‌సాకెట్ (రెండువైపులా తెరిచే ఉండే వెబ్ కనెక్షన్) తెరుస్తుంది, అదే దారిలో నేను ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంనుంచి టెర్మినల్ వాడే పద్ధతి) ఇంటి మెషిన్‌లోకి వెళ్తాను. వీపీఎస్‌లో 443 పోర్టు (హెచ్‌టీటీపీఎస్‌ది) ముందునుంచీ నా సైట్లు నడిపే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌దే. దాన్ని కదిలించకుండా ఒక సబ్‌డొమైన్, వెబ్‌సాకెట్‌కి కావాల్సిన అప్‌గ్రేడ్ హెడర్లు చేరిస్తే సరిపోయింది.

దీంట్లో నాకు ప్రాణం కీప్‌అలైవ్. 60 సెకన్లు అలికిడి లేకపోతే ఇంజిన్‌ఎక్స్ కనెక్షన్ కోసేస్తుంది. చిజెల్ మాత్రం ఏమీ సెట్ చేయకపోయినా 25 సెకన్లకోసారి పలకరిస్తూనే ఉంటుంది. రాత్రంతా వదిలేసినా పొద్దున టనెల్ అలాగే ఉండేది.

అలా తెగకపోవడమే తర్వాత తలనొప్పి అయింది. వీపీఎస్ 1 జీబీదే. ఉన్నట్టుండి మెమరీ టైట్ అయ్యి సైట్లన్నీ నత్తనడక. పీఎస్ కమాండ్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా) కొట్టి చూస్తే ‘వర్కర్ ప్రాసెస్ ఈజ్ షట్టింగ్ డౌన్’ అని వరసగా లైన్లు. కొత్త సైట్ పెట్టినా, సర్టిఫికెట్ రెన్యూ అయినా ఇంజిన్‌ఎక్స్ రీలోడ్ అవుతుంది. కొత్త వర్కర్లు (కనెక్షన్లు చూసుకునే ప్రాసెస్‌లు) వస్తాయి, పాతవి తమ చేతిలోని కనెక్షన్లు ముగిసేదాకా ఆగుతాయి. చిజెల్ కనెక్షన్ ఎందుకు ముగుస్తుంది? ఇంటి మెషిన్ ఒక కాలం నాటి వర్కర్‌ని, తమ్ముడి షాపు కంప్యూటర్ ఇంకోదాన్ని, నా లాప్‌టాప్ మరోదాన్ని పట్టుకుని కూర్చున్నాయి.

మందు ఇంజిన్‌ఎక్స్‌లోనే ఉంది. 2017లో, 1.11.11 వెర్షన్‌లో వచ్చిన వర్కర్_షట్‌డౌన్_టైమౌట్. పది నిమిషాలు పెట్టాను. గడువు దాటితే పాత వర్కర్ కనెక్షన్లు తెంచేసి వెళ్లిపోతుంది, చిజెల్ దానంతటదే మళ్లీ కలుస్తుంది. అయితే ఆ క్షణంలో నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ పోతుంది. అందుకే పెద్ద పనులు, కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్‌లోనే. ‘ఎప్పటికీ తెగదు’ అని అందరికీ చెప్పేవాణ్ణి, ఇప్పుడు ‘తెగినా తనే అతుక్కుంటుంది’ అంటున్నాను.

ఇంకోటి, ఒక క్లయింట్ ట్రాఫిక్ అంతా ఒకే టీసీపీ కనెక్షన్‌లో పోతుంది. ఇంటినుంచి ఫొటోల బ్యాకప్ నడుస్తుంటే అదే మెషిన్‌లో టెర్మినల్‌లో కొట్టిన అక్షరం ఆలస్యంగా కనిపిస్తుంది. యూడీపీకి అడ్డు లేనివాళ్లు ముందు దానిమీద నడిచే వీపీఎన్ వైర్‌గార్డ్ చూడండి. తమ్ముడి షాపున్న కాంప్లెక్స్‌లో 443 తప్ప దాదాపు ఏదీ బయటికి పోదు, వాడి బిల్లింగ్ ఆగితే ఫోన్ నాకే వస్తుంది. కాబట్టి నేనైతే చిజెల్‌తోనే ఉంటాను.