ప్రశ్నార్థకం తర్వాతి సంగతి: యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్‌తో ఆరేళ్ల పైచిలుకు

కడియపులంకలో మా బావకి నర్సరీ ఉంది. 2017లో ఆయన పోరు పడలేక ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాను. సర్వర్ లేదు, డేటాబేస్ లేదు. ఒకే ఒక్క పేజీ, పక్కన మొక్కల వివరాలున్న ఒక జేసన్ ఫైలు. కుండీకి కట్టిన చీటీ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ మొక్క సంగతులు ఫోన్‌లో రావాలి. ఏ మొక్కో లింకులో ప్రశ్నార్థకం తర్వాత ఉంటుంది. దాన్ని చదివే పని బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌దే.

మొదట్లో సొంతంగా ఫంక్షన్ రాసుకున్నాను. లొకేషన్.సెర్చ్ (లింకులో ప్రశ్నార్థకం నుంచి ఉండే భాగం) తీసుకోవడం, ముందున్న ? తీసేయడం, & దగ్గర ముక్కలు చేయడం, ఒక్కో ముక్కని మళ్లీ = దగ్గర విరగ్గొట్టడం. పది లైన్లు కూడా లేవు, పని చేసింది. రెండేళ్లపాటు దాన్ని చూసి గర్వపడ్డాను కూడా. ఒక జూన్‌లో, తొలకరి పడి జనం మొక్కల కోసం ఎగబడే రోజుల్లో, బావ ఆఫర్ లింకులో '50% తగ్గింపు' అని స్వయంగా టైపు చేశాడు. పేజీ తెల్లగా వచ్చింది. లింకులో % కోడ్‌లుగా మారిన అక్షరాలని తిరిగి మామూలుగా చేయడానికి నా ఫంక్షన్‌లో వాడిన డీకోడ్‌యూఆర్ఐకాంపొనెంట్‌కి % తర్వాత సరైన రెండు హెక్స్ అంకెలు (0-9, A-F) కనిపించకపోతే ఎర్రర్ విసిరి కూర్చుంటుంది. దాంతో మిగతా స్క్రిప్ట్ అంతా ఆగిపోయింది. 'ఏరా, ఆఫర్ అంటే తెల్ల కాగితమా?' అని ఫోను.

అప్పుడు మారాను, లింకులో ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని విడదీసి చదవడానికి బ్రౌజర్‌లోనే ఉండే పనిముట్టు యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్‌కి. ఫైర్‌ఫాక్స్‌లో 2014 నుంచీ, క్రోమ్‌లో 2016 నుంచీ ఉంది. సఫారీ 2017లో, ఎడ్జ్ 2018లో అందుకున్నాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మాత్రం ఆ భాగ్యం ఎప్పటికీ పట్టలేదు. వాడకం చాలా తేలిక: కొత్తది ఒకటి సృష్టించి లొకేషన్.సెర్చ్ చేతికిస్తే, ముందున్న ? అదే తీసేసుకుంటుంది. తర్వాత = కి ముందుండే పేరు (దాన్నే కీ అంటారు) చెప్పి గెట్ అని అడగడమే. తప్పుడు % కనిపిస్తే అలాగే వదిలేస్తుంది, గొడవ చేయదు. ఈ ఒక్క గుణానికే సగం మార్కులు ఇస్తాను.

అయితే లొకేషన్.సెర్చ్ బదులు పొరపాటున పూర్తి లింకు ఇస్తే అది కూడా కిక్కురుమనదు. మొదటి కీ పేరు 'హెచ్‌టీటీపీఎస్' నుంచి మొదలయ్యే పొడుగాటి తోక అయిపోతుంది, మనం అడిగినది దొరకదు. ఆ తప్పు రెండుసార్లు చేశాను. రెండోసారి మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా వెతికాను.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ప్లస్ గుర్తు. ఇది + ని ఖాళీగా చదువుతుంది. 'కొత్తపల్లి+కొబ్బరి' అని వస్తే చక్కగా విడదీసి చూపిస్తుంది. (అది మామిడి రకం, కొబ్బరి కాదు. ఆ సంగతి బయటివాళ్లకి చెప్పీ చెప్పీ మావాళ్లు అలిసిపోయారు.) కానీ ఆర్డర్ లింకులో ఫోన్ నంబరు +91తో మొదలైతే ఆ ప్లస్ మాయమై ఖాళీ మిగులుతుంది. తప్పు దానిది కాదు, లింకు చేత్తో అతికించిన నాది. లింకు కూడా దీనితోనే తయారు చేయిస్తే, సెట్‌తో విలువ పెట్టి, దాన్ని లింకు ముక్కగా రాసిమ్మని టుస్ట్రింగ్‌ని పిలిస్తే, ప్లస్‌ని %2Bగా మార్చి రాస్తుంది. చదివేటప్పుడు మళ్లీ ప్లస్ వస్తుంది.

తెలుగు పేర్లు పెట్టడంలో ఇంకో చిక్కు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకి మూడు బైట్లు, లింకులోకి వెళ్లేసరికి ఒక్కో బైటు %తో కలిపి మూడై, అవి తొమ్మిది క్యారెక్టర్లు. 'కొత్తపల్లి కొబ్బరి' అనే పేరు 154 అయింది. క్యూఆర్ కోడ్ నువ్వులు చల్లినట్టు కిక్కిరిసిపోయింది. చీటీ మీద నాలుగు నీటి చుక్కలు పడితే ఇక స్కాన్ కాదు. 'ఆయ్, ఇది రావట్లేదండి' అని పనివాళ్లు చీటీ పట్టుకొచ్చేవాళ్లు. ఇప్పుడు లింకులో మొక్కకి నంబరు మాత్రమే. పేరు జేసన్ ఫైలులోంచి వస్తుంది.

గెట్‌తో వచ్చేది ఎప్పుడూ అక్షరాలే, అంకెలు కావు. 10 మొక్కలకి ఇంకో 5 కలిపితే 105 అని చూపించింది. బావ ఆ పూట మహా సంతోషపడ్డాడు. నంబర్ అనే దాంతో మార్చుకోవాలి. కీ అసలు లేకపోతే నల్ (ఏమీ లేదనే గుర్తు) వస్తుంది, ఉండి విలువ లేకపోతే ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని మాట) వస్తుంది. ఇది పట్టించుకోక 'నల్ గారికి నమస్కారం' అని కొన్నాళ్లు అందరినీ పలకరించాం. ఒకే కీ రెండుసార్లు ఉంటే గెట్ మొదటిదే ఇస్తుంది. రెండు మొక్కలు పోల్చే పేజీకి అన్నిటినీ ఇచ్చే గెట్‌ఆల్ వాడాను, ఏ ఇబ్బందీ లేదు.

ఇది లింకులో ఉన్నది ఉన్నట్టు చదివిపెడుతుంది. అక్కడ ఎవరు ఏం రాశారో దానికి అనవసరం. మొదట్లో ధర కూడా లింకులోనే పెట్టాను. ఒకాయన 250ని 25 చేసుకుని, ఫోన్ స్క్రీన్ చూపించి 'మీ సైటులోనే ఉందండి' అన్నాడు. బావ నవ్వేసి ఆ ధరకే ఇచ్చి పంపాడు, తర్వాత నా పని పట్టాడు. ధర ఆ రాత్రే ఫైలులోకి మార్చాను. అలాగే లింకులోంచి వచ్చిన పేరుని, ఇచ్చినదాన్ని పేజీ కోడ్‌గా తీసుకునే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పేజీలో పెట్టకండి. లింకులో ఎవరైనా స్క్రిప్ట్ నడిపించే ట్యాగు దూర్చి పంపితే అది మన పేజీలోనే నడుస్తుంది. టెక్స్ట్‌కంటెంట్ వాడితే అది ఉత్త అక్షరాలుగానే మిగులుతుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర మార్కు, పూర్తి లింకు ఇచ్చినా నోరు మెదపనందుకు. పాత ఫంక్షన్ ఫైలు అడుగున కామెంటుగా ఇంకా ఉంది, తీసేయడానికి చేతులు రాలేదు.